నెట్‌కు అటొకరు, ఇటొకరు

ఒకే అకాడమీలో పెరిగిన స్నేహితులు టోర్నమెంటులో ఎదురెదురు పడటం దైవికం కాదు, లెక్క ప్రకారం జరిగేదే. మంచి కోచ్ ఉన్నచోటికి మంచి ఆటగాళ్లు చేరతారు. కలిసి తిని, కలిసి పరుగెత్తి, రోజూ ఒకరి మీద ఒకరు ఆడి ఇంచుమించు ఒకే స్థాయికి వస్తారు. ఒకే స్థాయికి వచ్చినవాళ్లను ర్యాంకులు ఒకే టోర్నమెంటుకు పంపుతాయి. నాకౌట్ పద్ధతిలో చివరికి మిగలాల్సింది ఒక్కరే గనక, ఇద్దరూ గెలుస్తూ పోతే ఏదో ఒక రౌండులో తారసపడక తప్పదు. స్నేహితుడి మీద ఆడటం ఇష్టం లేని ఆటగాడు తాను త్వరగా ఓడిపోవాలి, లేదా స్నేహితుడు త్వరగా ఓడిపోవాలని కోరుకోవాలి.

2017 ఏప్రిల్ 16న సింగపూర్ ఓపెన్ బ్యాడ్మింటన్ పురుషుల సింగిల్స్ ఫైనల్ ఇలాగే వచ్చింది. కిడాంబి శ్రీకాంత్, బి. సాయి ప్రణీత్ ఇద్దరూ హైదరాబాద్ గచ్చిబౌలిలోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో తయారైనవాళ్లు. సూపర్ సిరీస్ స్థాయి పురుషుల సింగిల్స్ ఫైనల్లో ఇద్దరు భారతీయులు తలపడటం అదే మొదటిసారి. తొలి గేమ్ శ్రీకాంత్ 21-17తో తీసుకున్నాడు. తర్వాతి రెండూ ప్రణీత్‌వి: 21-17, 21-12. రెండు నెలలకే ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో మళ్లీ ఇద్దరూ ఎదురుపడ్డారు. ఈసారి 25-23, 21-17తో గెలుపు శ్రీకాంత్‌ది. ఆ టైటిల్‌ కూడా అతనిదే, ఆ ఏడాది మొత్తం నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. ఈ రెండు మ్యాచ్‌ల స్కోర్లలో మొహమాటం ఎక్కడా కనిపించదు. 25-23 అంటే 20-20 దాటాక కూడా ఎవరూ వదల్లేదని అర్థం.

ఇలాంటి మ్యాచ్ జరిగేటప్పుడు షటిల్‌తో పాటు చూడవలసింది ఇంకొకటి ఉంది: కోర్టు వెనక కోచ్‌ల కుర్చీలు. మామూలు మ్యాచ్‌లో 11వ పాయింటు దగ్గర విరామం రాగానే కోచ్ లేచి వస్తాడు. ఆటగాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, నీళ్లు తాగుతూ తల ఊపుతుంటాడు. ఆ ఒక్క నిమిషంలో చెప్పిన మాటకే కొన్నిసార్లు గేమ్ తిరుగుతుంది. ఆడేది ఇద్దరూ తన శిష్యులే అయినప్పుడు ఆ కుర్చీలో కూర్చోకపోవడం కోచ్‌లలో ఉన్న ఆనవాయితీ. ఇద్దరు ఆటగాళ్లూ ఎవరి నీళ్లు వాళ్లు తాగి, ఎవరికి వాళ్లే చెప్పుకొని తిరిగి కోర్టులోకి వస్తారు.

ఈ ఆనవాయితీకి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ 1960 రోమ్ ఒలింపిక్స్ డెకాథ్లాన్. అమెరికాకు చెందిన రేఫర్ జాన్సన్, తైవాన్‌కు చెందిన సి.కె. యాంగ్ ఇద్దరూ లాస్ ఏంజెలిస్‌లోని ఒకే విశ్వవిద్యాలయంలో చదివారు, డకీ డ్రేక్ అనే ఒకే కోచ్ దగ్గర సాధన చేశారు. రోమ్‌లో పది అంశాలకుగాను ఏడింటిలో యాంగ్‌దే పైచేయి. కానీ ఇనుప గుండు, డిస్కస్, జావెలిన్ విసరడంలో జాన్సన్ కూడబెట్టిన పాయింట్లు పెద్దవి. ఆఖరి అంశమైన 1500 మీటర్ల పరుగు మొదలయ్యేసరికి జాన్సన్ 67 పాయింట్లు ముందున్నాడు. యాంగ్ కంటే సుమారు పది సెకన్లకు మించి వెనకబడకపోతే స్వర్ణం అతనిదే. ఆ దూరంలో యాంగ్ చాలా మెరుగైన పరుగరి.

పరుగుకు ముందు ఇద్దరూ విడివిడిగా డ్రేక్ దగ్గరికే వచ్చారు. యాంగ్ వెన్నంటే ఉండు, ఎంత వేగం పెంచినా వదలకు అని జాన్సన్‌కు చెప్పాడు. వీలైనంత దూరం లాక్కుపో, జాన్సన్ నీతో రాలేడు అని యాంగ్‌కు చెప్పాడు. రెండు సలహాలూ నిజాయతీగా ఇచ్చినవే, రెండూ సరైనవే. జాన్సన్ జీవితంలో ఎన్నడూ పరుగెత్తనంత వేగంగా 4 నిమిషాల 49.7 సెకన్లలో ముగించాడు. యాంగ్ అతని కంటే 1.2 సెకన్లు మాత్రమే ముందు. మొత్తం స్కోర్లు 8392, 8334. గీత దాటాక ఇద్దరూ నిలబడలేక ఒకరి మీద ఒకరు వాలిపోయారు. స్నేహితుల పోటీ గురించి ఎవరు రాసినా ఈ పరుగును వదలకపోవడానికి కారణం ఉంది. కోచ్ ఒక్కడే అయినా, శిష్యులు ఇద్దరూ ప్రాణస్నేహితులే అయినా, ఎవరికీ ఎవరూ ఒక్క అడుగు కూడా తగ్గించి ఇవ్వలేదు.

తెలిసిన చెయ్యి

స్నేహితులు ఎదురుపడితే ఆటలోనే వచ్చే మార్పు ఒకటుంది. కొత్త ప్రత్యర్థి మీద ఆడేటప్పుడు మొదటి పది నిమిషాలు అతని ఆట ఆనుపానులు పట్టడానికే సరిపోతాయి. స్నేహితుడి విషయంలో అదంతా ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అలసిపోతే ఏ మూలకు షటిల్ లేపుతాడు, స్కోరు దగ్గరపడితే సర్వీసు ఎలా మారుతుంది, ఏ మోకాలికి ఎప్పుడు దెబ్బ తగిలింది, అన్నీ తెలుసు. తన గురించీ అవతలివాడికి అంతే తెలుసని కూడా తెలుసు. దానితో ఇద్దరూ తమ అలవాటైన దెబ్బలను దాచుకొని, అలవాటు లేనివి ఆడటం మొదలుపెడతారు. బయటినుంచి చూసేవారికి ఇలాంటి మ్యాచ్‌లు ఒక్కోసారి చప్పగా, ఒక్కోసారి వింతగా కనబడటానికి కారణం ఇదే.

ఈ ఎరుక ఎంత బరువో కొలిచి చూసుకున్నది టెన్నిస్ క్రీడాకారిణి క్రిస్ ఎవర్ట్. ఆమె, మార్టినా నవ్రతిలోవా మొదటిసారి 1973లో అమెరికాలోని ఏక్రన్‌లో ఆడారు. త్వరలోనే డబుల్స్ జోడీ కట్టి 1975లో ఫ్రెంచ్ ఓపెన్, 1976లో వింబుల్డన్ గెలిచారు. తర్వాత ఆ జోడీని విడదీసింది ఎవర్టే. పక్కనే నిలబడి ఆడుతుంటే తన ఆట నవ్రతిలోవాకు మరీ బాగా తెలిసిపోతోందని ఆమెకు అనిపించింది. 1980ల మొదట్లో ఈ ఎడం ఇంకా పెరిగింది. నవ్రతిలోవాకు శిక్షణలో తోడ్పడిన బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి నాన్సీ లీబర్‌మన్, ఎవర్ట్‌ను స్నేహితురాలిగా చూడటం మానాలని గట్టిగా నూరిపోసింది. ఆ కాలంలో నవ్రతిలోవా ఎవర్ట్‌ను వరుసగా 13 సార్లు ఓడించింది.

అయితే ఇక్కడ తొందరపడి ఒక తీర్పు చెప్పకూడదు. శత్రుత్వం నూరిపోయడం వల్లే గెలిచిందా, లేక అదే సమయంలో ఆమె తిండి, వ్యాయామం, సాధన అన్నీ మార్చుకున్నందువల్ల గెలిచిందా అంటే రెండోదానికే సాక్ష్యం ఎక్కువ. ఎందుకంటే స్నేహం తిరిగి అతుక్కున్న తర్వాత కూడా ఆట పదును తగ్గలేదు. 1985 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో 6-3, 6-7, 7-5తో ఎవర్ట్ గెలిచిన మ్యాచ్ ఈ ఇద్దరి మధ్యా జరిగినవాటిలో గొప్పదిగా పేరుపడింది. మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి అమెరికా తరఫున ఫెడరేషన్ కప్ ఆడటానికి నవ్రతిలోవా పుట్టిన ఊరు ప్రాగ్‌కు వెళ్లారు. దేశం విడిచి వెళ్లిన ఆమె అక్కడ మళ్లీ ఆడటం అదే తొలిసారి. 1988 నాటికి మొత్తం 80 మ్యాచ్‌లు, అందులో 60 ఫైనళ్లు. నవ్రతిలోవా 43, ఎవర్ట్ 37. ఇద్దరికీ గ్రాండ్ స్లామ్ సింగిల్స్ టైటిళ్లు సరిగ్గా పద్దెనిమిదేసి.

చదరంగంలో ఇది మరోలా ఉంటుంది. స్నేహితులు కలిసి ఓపెనింగులు తవ్వుతారు, కంప్యూటర్ ముందు కూర్చొని ఒకరికొకరు రహస్యాలు చెప్పుకుంటారు. తీరా ఎదురుపడితే, కలిసి చూసిన దారిలో నడవడానికి ఇద్దరికీ భయమే. 2023లో బాకూలో జరిగిన ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి, చెన్నైకి చెందిన ప్రజ్ఞానంద తలపడ్డారు. ఇద్దరూ మంచి స్నేహితులు. పోటీ నడుస్తున్న రోజుల్లోనే కలిసి నడకకు వెళ్లారు. క్లాసికల్ గేములు సమానం, ర్యాపిడ్ సమానం, ఇంకా వేగమైనవీ సమానం. 4-4 దగ్గర, ఇక ఒకే ఒక్క గేమ్. అది ప్రజ్ఞానంద గెలిచాడు. అతను ఫైనల్ దాకా వెళ్లి మాగ్నస్ కార్ల్‌సన్ చేతిలో ఓడాడు. సెమీఫైనల్ చేరితే క్యాండిడేట్స్ టోర్నమెంటుకు దారి దొరికే పోటీ అది. అర్జున్‌కు 2024 క్యాండిడేట్స్‌లో చోటు దక్కలేదు. ఒక్క గేమ్ తేడాతో ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వెళ్లే రెండేళ్ల దారి మూసుకుపోయింది, మూసింది స్నేహితుడు. అయినా ఆ స్నేహం చెడలేదు.

మనసు లెక్కలు

స్నేహితుడు గెలిస్తే సంతోషించాలని పెద్దలు చెబుతారు. మనస్తత్వ శాస్త్రం మాత్రం కొంచెం ఇబ్బందికరమైన సంగతి చెప్పింది. అమెరికా పరిశోధకులు అబ్రహం టెసర్, జోనథన్ స్మిత్ 1980లో ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు ఒక పదాల ఆటలో స్నేహితుడికీ, ముక్కూమొహం తెలియనివాడికీ ఆధారాలు అందించాలి. తేలికైనవి ఇవ్వాలో, కష్టమైనవి ఇవ్వాలో వాళ్ల ఇష్టం. ఇది ఉత్త ఆట అని చెప్పినప్పుడు స్నేహితుడికే తేలిక ఆధారాలు దక్కాయి. ఇది ముఖ్యమైన తెలివితేటలకు పరీక్ష అని చెప్పినప్పుడు వ్యవహారం తిరగబడింది, పరాయివాడికంటే స్నేహితుడికే కష్టమైనవి వచ్చాయి. తనకు ప్రాణమైన రంగంలో దగ్గరివాడు తనను దాటిపోతే కలిగే నొప్పి, పరాయివాడు దాటినప్పటికంటే ఎక్కువ అన్నది టెసర్ సిద్ధాంతం. తనకు పట్టని రంగంలో అదే స్నేహితుడు గెలిస్తే ఆ వెలుగు తన మీదా పడినట్టు పొంగిపోతాడు. బ్యాడ్మింటన్ ఆడేవాడు తన స్నేహితుడి సంగీత కచేరీకి ముందు వరసలో కూర్చొని చప్పట్లు కొడతాడు, అదే స్నేహితుడు సెలక్షన్ ట్రయల్స్‌లో తన స్థానం కొడితే ఆ రాత్రి నిద్రపోడు. ఇందులో నీచత్వం ఏమీ లేదు. పోలిక దగ్గరివాళ్లతోనే పెట్టుకుంటాం గనక నొప్పి కూడా అక్కడే.

దీనికి రెండో పక్కను చూపింది గావిన్ కిల్‌డఫ్ చేసిన పరిశోధన. ఎవరు ఎవరికి అసలైన ప్రత్యర్థులు అవుతారని వెతికితే మూడు సంగతులు తేలాయి: పోలికలున్నవాళ్లు, పదేపదే తలపడేవాళ్లు, సమ ఉజ్జీలు. ఒక రన్నింగ్ క్లబ్ ఫలితాలను తవ్వితే, తాను ప్రత్యర్థిగా భావించేవాడు పక్కన ఉన్న పరుగులో మనిషి కిలోమీటరుకు దాదాపు 5 సెకన్లు వేగంగా పరుగెత్తాడని 2014లో ప్రకటించాడు. ఆ మూడు లక్షణాలనూ కలిపి చదివితే అది ఒకే అకాడమీలో పెరిగిన నేస్తం వర్ణనే. టెసర్ చూసిన నొప్పీ, కిల్‌డఫ్ చూసిన వేగమూ ఒకే చోట పుడతాయి.

జట్టుగా విడదీస్తే స్నేహం ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. ముజఫర్ షెరీఫ్ 1949లో అమెరికాలోని కనెక్టికట్‌లో పిల్లల వేసవి శిబిరం పెట్టి, అప్పటికే జతకట్టిన స్నేహితులను కావాలనే వేరువేరు గుంపుల్లో వేశాడు. కొద్దిరోజుల్లో పిల్లల స్నేహాలు కొత్త గుంపుల వెంట నడిచాయి. పిల్లల విషయంలో ఇది నిజమే కావచ్చు. వృత్తి ఆటగాళ్లలో మాత్రం దీనికి ఎదురు ఉదాహరణలే ఎక్కువ. 2021 కోపా అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్లో అర్జెంటీనా 1-0తో బ్రెజిల్‌ను ఓడించాక, ఏడ్చిన నేమార్, గెలిచిన మెస్సీ మరకానా స్టేడియం మెట్లమీద కూర్చొని నవ్వుతూ కబుర్లాడారు. 2022 ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఒకే క్లబ్ స్నేహితులు ఎంబాపె, హకీమీ ఫ్రాన్స్, మొరాకో తరఫున ఆడి, చివర్లో చొక్కాలు మార్చుకున్నారు. జట్టు ఆటలో బరువు పదకొండు మందికి పంచబడుతుంది. అందుకే అక్కడ ఈ సమస్య తేలిక. సింగిల్స్‌లో ఆ సౌకర్యం లేదు.

మూడో మనిషి

ఇంతవరకు చెప్పినదంతా ఇద్దరి మధ్య సంగతి. ఆ ఇద్దరూ నిజంగా ఆడినంతకాలం స్నేహం వల్ల ఆటకు నష్టం వచ్చిన దాఖలాలు దాదాపు లేవు. గొడవ వచ్చిన ప్రతిచోటా ఒక మూడో మనిషి ఉన్నాడు. తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకంగా రాసిన గయోపాఖ్యానంలో బావా బావా అని పిలుచుకునే కృష్ణార్జునులు యుద్ధానికి దిగింది గయుడు అనే మూడోవాడి కోసం. అక్కడ మూడోవాడికి ప్రాణం దక్కింది. టోర్నమెంటుల్లో సాధారణంగా మూడోవాడికే నష్టం.

1962లో కురసావ్ దీవిలో జరిగిన చదరంగ క్యాండిడేట్స్ టోర్నమెంటు ఇందుకు పాఠ్యగ్రంథం లాంటిది. సోవియట్ ఆటగాళ్లు పెట్రోసియన్, కెరెస్, గెల్లర్ తమలో తాము ఆడుకున్న 12 గేములూ డ్రా. చాలావరకు బోర్డు మీద యుద్ధం మొదలుకాకముందే చేతులు కలిపినవే. ఆ విధంగా ఆదా చేసుకున్న శక్తిని మిగతావాళ్ల మీద వాడుకున్నారు. పెట్రోసియన్ గెలిచి, మరుసటి ఏడాది బొత్వినిక్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 19 ఏళ్ల బాబీ ఫిషర్ ఇది కుమ్మక్కని అమెరికా పత్రికలో బాహాటంగా రాశాడు. ఫిషర్ నాలుగో స్థానంలో, మూడున్నర పాయింట్లు వెనకబడి ముగించాడు గనక, కుమ్మక్కు లేకపోయినా అప్పటి ఆటతో అతను గెలిచేవాడు కాదేమో. కానీ ఫిర్యాదు న్యాయమైనదే. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే దాన్ని ఒప్పుకున్నట్టే క్యాండిడేట్స్‌ను తర్వాతి విడత నుంచి ముఖాముఖి మ్యాచ్‌లుగా మార్చింది. ఇప్పుడు మళ్లీ అందరూ అందరితో ఆడే పద్ధతే నడుస్తోంది. కానీ ఒకే దేశంవాళ్లు తొలి రౌండ్లలోనే తలపడాలని నియమం పెట్టారు. చివరి రౌండ్ల దాకా ఆగితే ఎవరికి పాయింటు అవసరమో తెలిసిపోతుంది, ఇచ్చేయాలనే ఆశ పుడుతుంది. 2024లో టొరంటోలో గుకేశ్, విదిత్ గుజరాతీ తొలి రౌండులోనే ఎదురుపడింది ఈ నియమం ప్రకారమే.

స్నేహం కంటే ప్రమాదకరమైనది స్నేహం పేరుతో పైనుంచి వచ్చే ఆజ్ఞ. 1987లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీల సెమీఫైనల్లో సహచరి గువాన్ జియాన్‌హువాకు ఓడిపోవాలని చైనా జట్టు పెద్దలు హె ఝిలిని ఆదేశించారు. ఆమె వినలేదు. గెలిచి, ఫైనల్లోనూ గెలిచి ప్రపంచ చాంపియన్ అయింది. మరుసటి ఏడాది సియోల్ ఒలింపిక్స్ జట్టులో ఆమె పేరు లేదు. తర్వాత జపాన్‌కు వెళ్లి కోయామా చిరె అయి, 1994 హిరోషిమా ఆసియా క్రీడల ఫైనల్లో చైనా దిగ్గజం డెంగ్ యాపింగ్‌ను ఓడించింది. సాటి క్రీడాకారిణిని ఓడించడం ద్రోహం అనుకునే వ్యవస్థ చివరికి తన చాంపియన్‌నే ప్రత్యర్థిగా మార్చుకుంది.

2012 లండన్ ఒలింపిక్స్ మహిళల డబుల్స్ బ్యాడ్మింటన్‌లో జరిగింది ఇంకా విడ్డూరం. చైనాకు చెందిన ప్రపంచ మొదటి ర్యాంకు జోడీ వాంగ్ షియావోలి, యు యాంగ్ తమ దేశపు రెండో జోడీని ఫైనల్ కంటే ముందు ఎదుర్కోకుండా ఉండేందుకు గ్రూపు మ్యాచ్ ఓడిపోవాలని చూశారు. అవతలి కొరియా జోడీకీ గెలవాలని లేదు. సర్వీసులు నెట్‌కే కొట్టారు, షటిల్‌ను కావాలనే బయటికి పంపారు, స్టేడియం అంతా గేలి చేసింది. ఆ తర్వాత మరో కొరియా జోడీ, ఇండొనేషియా జోడీ కూడా అదే దారి పట్టాయి. మర్నాడు నాలుగు జోడీలనూ, అంటే ఎనిమిదిమందినీ బహిష్కరించారు. ఆ ఎనిమిదిమందిలో ఒకరైన ఇండొనేషియా క్రీడాకారిణి గ్రేసియా పోలి తొమ్మిదేళ్ల తర్వాత టోక్యోలో అదే విభాగంలో స్వర్ణం గెలవడం వేరే కథ. 2016 రియోలో గ్రూపుల్లో రెండో స్థానం వచ్చిన జోడీలకు మళ్లీ డ్రా తీసే పద్ధతి పెట్టి, ఓడితే లాభం అనే లెక్కను తుడిచేశారు. లండన్‌లో అదే విభాగంలో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప గ్రూపులో రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా పాయింట్ల తేడాతో క్వార్టర్ ఫైనల్‌కు దూరమయ్యారు. తమ గ్రూపులోని మరో మ్యాచ్ తీరుపై భారత బృందం ఇచ్చిన ఫిర్యాదును నిర్వాహకులు తోసిపుచ్చారు. హైదరాబాద్ అభిమానులకు ఆ గ్రూపు పట్టిక చాలాకాలం గుర్తుండిపోయింది.

జపాన్ సుమో ఈ ప్రశ్నకు అన్నిటికంటే పాత, అన్నిటికంటే సూటి జవాబు ఇచ్చింది. ఒకే శిక్షణశాలలో కలిసి ఉండే మల్లులను టోర్నమెంటులో ఒకరి మీద ఒకరిని దింపనే దింపరు. సొంత అన్నదమ్ములకూ అంతే. టైటిల్ కోసం ఇద్దరూ సమానంగా నిలిచి ప్లేఆఫ్ వస్తేనే మినహాయింపు. 1995 నవంబరులో అన్నదమ్ములు వకనొహన, తకనొహన అలా తలపడ్డారు, అన్న వకనొహన గెలిచాడు. ఇంత జాగ్రత్త పడినా కుమ్మక్కు వేరే గుమ్మంలోంచి వచ్చింది. 15 కుస్తీల టోర్నమెంటులో 8 గెలిస్తే ర్యాంకు నిలుస్తుంది. 7-7 మీద ఉన్నవాడు చివరి రోజున 8-6 మీద ఉన్నవాడితో తలపడితే సగం సార్లు గెలవాలి, కానీ దాదాపు 80 శాతం గెలుస్తున్నాడని మార్క్ డగ్గన్, స్టీవెన్ లెవిట్ 2002లో లెక్కలతో చూపారు. అదే ఇద్దరూ మళ్లీ కలిసినప్పుడు మొన్న గెలిచినవాడు ఎక్కువగా ఓడుతున్నాడు. బాకీ తీర్చుకోవడం అంటే ఇదే. 2011లో ఫోన్ సందేశాల ద్వారా కుమ్మక్కు బయటపడి ఆ మార్చి టోర్నమెంటునే రద్దు చేశారు.

మూడో మనిషి ఒక్కోసారి ప్రేక్షకుడు. 2001లో ఇండియన్ వెల్స్ సెమీఫైనల్‌కు కొద్ది నిమిషాల ముందు మోకాలి నొప్పితో వీనస్ విలియమ్స్ తప్పుకుంది. ఆడవలసింది చెల్లెలు సెరెనాతో. ఎవరు గెలవాలో ఇంట్లోనే నిర్ణయిస్తున్నారన్న అనుమానం ఏనాడూ రుజువు కాలేదు, కానీ ఫైనల్లో సెరెనాను జనం గేలి చేశారు. ఆమె 14 ఏళ్లపాటు ఆ టోర్నమెంటు గడప తొక్కలేదు. ఇక్కడ తప్పు ఎక్కువగా జనానిదే. అయినా దగ్గరివాళ్లు ఆడేటప్పుడు చూసేవాళ్ల కంటికి అనుమానం ఎంత తొందరగా వస్తుందో ఇది చూపుతుంది.

పంచుకోవడం

2021 ఆగస్టు 1న టోక్యో ఒలింపిక్స్‌లో పురుషుల హైజంప్ ఫైనల్. ఖతర్‌కు చెందిన ముతాజ్ బార్షిమ్, ఇటలీకి చెందిన జాన్‌మార్కో తంబేరి ఇద్దరూ ఒక్క తప్పూ లేకుండా 2.37 మీటర్లు దూకారు. 2.39 దగ్గర ఇద్దరూ మూడుసార్లు విఫలమయ్యారు. అధికారి వచ్చి జంప్ ఆఫ్ గురించి చెబుతుండగానే, ఇద్దరికీ స్వర్ణం ఇవ్వొచ్చా అని బార్షిమ్ అడిగాడు. ఇవ్వొచ్చన్న మాట వినగానే తంబేరి అతని మీదికి దూకి కౌగిలించుకున్నాడు. తంబేరి 2016లో చీలమండకు గాయమై రియోలో పోటీపడలేకపోయినవాడు. అప్పటి పట్టీకట్టును, దాని మీద తానే రాసుకున్న టోక్యో 2020 అన్న మాటలతో సహా మైదానానికి తెచ్చుకున్నాడు. 2018లో బార్షిమ్‌కూ అలాంటి గాయమే. ఆ ఇద్దరి చేతులు కలవడం నిబంధనలకు లోబడినదే: ఇక దూకబోమని ఇద్దరూ అంటే సమానంగానే ఉంచవచ్చని అథ్లెటిక్స్ నియమావళిలో ఉంది. అదే ఎత్తు దూకిన నెదసెకావ్‌కు రావలసిన కాంస్యం వచ్చింది. మూడో మనిషి ఏమీ కోల్పోలేదు. 2023 బుడాపెస్ట్ ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల మహిళల పోల్ వాల్ట్‌లో కేటీ మూన్, నీనా కెనడీ కూడా 4.90 మీటర్ల దగ్గర ఇలాగే స్వర్ణం పంచుకున్నారు. 2024 పారిస్‌లో హైజంప్ ఫైనల్ మళ్లీ అదే మలుపుకు వచ్చినప్పుడు హామిష్ కెర్, షెల్బీ మెక్‌ఇవెన్ మాత్రం దూకుదామన్నారు. 2.34 దగ్గర కెర్ గెలిచాడు. మెక్‌ఇవెన్ తెలివితక్కువ పని చేశాడన్నవాళ్లు చాలామంది. దూకాలో వద్దో తేల్చుకునే హక్కు అతనిది, వాడుకున్నాడు.

ఇదే పంపకం 2024 చివర న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ చదరంగ పోటీలో చేదుగా మారింది. చిన్నప్పటినుంచీ ఒకరినొకరు ఎరిగిన మాగ్నస్ కార్ల్‌సన్, ఇయాన్ నెపోమ్నియాషి ఫైనల్లో 2-2 తర్వాత మూడు గేములు డ్రా చేసుకొని, టైటిల్ పంచుకుంటామన్నారు. నియమావళిలో అలాంటి వీలు లేదు. అయినా ఫిడే అప్పటికప్పుడు ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే వాళ్లు తేల్చేదాకా చిన్న డ్రాలు ఆడుతూనే ఉందామని కార్ల్‌సన్ నవ్వుతూ అన్న వీడియో బయటికి రావడంతో విమర్శలు ముసురుకున్నాయి. టోక్యోను మెచ్చుకున్నవాళ్లే న్యూయార్క్‌ను తిట్టడంలో వైరుధ్యం లేదు. టోక్యోలో రాసి ఉన్న నియమాన్ని వాడుకున్నారు, న్యూయార్క్‌లో ఆట మధ్యలో నియమాన్ని రాయించుకున్నారు.

తెలుగు ఊళ్లలో సంక్రాంతికి, వేసవి సెలవులకు జరిగే టెన్నిస్ బాల్ క్రికెట్, వాలీబాల్ టోర్నమెంట్లలోనూ ఈ పంపకం కనబడుతుంటుంది. చీటీలు తీసి జట్లను కలిపాక, ఒకే ఊరివో, పక్కపక్క వీధులవో రెండు జట్లు ఫైనల్ చేరితే, మొదటి బహుమతీ రెండో బహుమతీ కలిపి చెరి సగం అని ముందే మాట్లాడుకుంటారు. ఆ తర్వాత జరిగే ఫైనల్లో బౌలర్ చేయి సగమే తిరుగుతుంది, ఫీల్డర్ బంతి వెంట నడిచి వెళతాడు, మైకు పట్టుకున్నవాడు మాత్రం గొంతు చించుకుంటూ ఉంటాడు. డబ్బిచ్చిన దాతలూ, ఎండలో నిలబడిన జనమూ, సెమీఫైనల్లో నిజంగా ఆడి ఓడిన జట్టూ ఇక్కడ మూడోవాళ్లు. కమిటీలు దీనికి మందు కనిపెట్టాలంటే పెద్ద చదువు అక్కర్లేదు. పంచుకోవచ్చో కూడదో ఎంట్రీ ఫీజు కాగితం మీదే రాసిపెట్టాలి, ఒకే ఊరి జట్లను లీగ్‌లో మొదటి రోజే కలపాలి. ఫిడే పెట్టుకున్న నియమమూ ఇదే, ఖర్చు లేనిది.

తర్వాత

ఆట ముగిశాక స్నేహం ఏమవుతుందన్నదానికి ఒకే సమాధానం లేదు. ఎవర్ట్‌కు 2022 ప్రారంభంలో, నవ్రతిలోవాకు 2023 ప్రారంభంలో క్యాన్సర్ సంగతి బయటపడింది. ఒకప్పుడు ఆఖరి ఆదివారం లాకర్ గదిలో తామిద్దరే మిగిలే ఆ ఇద్దరూ, చికిత్స కాలంలో ఒకరికొకరు తోడున్నారు.

1936 బెర్లిన్ ఒలింపిక్స్ పోల్ వాల్ట్‌లో అమెరికాకు చెందిన ఎర్ల్ మెడోస్ స్వర్ణం గెలిచాక, జపాన్ స్నేహితులు నిషిదా షుహెయ్, ఓయె సుయెవో ఇద్దరూ 4.25 మీటర్ల దగ్గర సమానంగా మిగిలారు. రాత్రి అయిపోయింది. రెండో స్థానం కోసం ఒకరి మీద ఒకరు దూకడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. జపాన్ బృందం నిషిదాకు వెండి, ఓయెకు కంచు అని తేల్చింది. స్వదేశం చేరాక రెండు పతకాలనూ సగానికి కోయించి, వెండి సగమూ కంచు సగమూ అతికించి, ఇద్దరూ చెరొకటి ఉంచుకున్నారు. ఓయె 1941లో యుద్ధంలో చనిపోయాడు. నిషిదా 1997 దాకా బతికాడు. అతని పతకం ఇప్పుడు టోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయంలో ఉంది, సగం వెండి, సగం కంచు.